కొలత ముందు, స్పానర్ తర్వాత: పాత కారు ఇంజన్ నుంచి యాక్సిల్ దాకా
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇంజన్ మిస్సింగ్ కొడుతోందంటే చాలామంది చెయ్యి నేరుగా గాలిలో పెట్రోల్ కలిపే కార్బురేటర్ మీదికే పోతుంది. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి చుట్లు) స్క్రూ ఓ పావు చుట్టు, మిక్స్చర్ (గాలి, పెట్రోల్ పాళ్ళు) స్క్రూ ఓ అర చుట్టు. తగ్గకపోతే స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ వదులు చేసి, చెవికి బాగుందనిపించేదాకా తిప్పడం. గంట గడిచేసరికి ముందునుంచీ ఉన్న లోపమేదో, మనం కొత్తగా తెచ్చిపెట్టిందేదో విడదీయలేం. ఈ పూట చెప్పబోయేదంతా ఆ స్థితి రాకుండా చూసుకోవడం గురించే. కార్బురేటరూ, స్పార్క్ కోసం కరెంటును తెంచే పాయింట్లూ ఉండి, వెనక చక్రాలకు డ్రైవ్ వెళ్ళే పాతకాలపు కార్లను దృష్టిలో పెట్టుకుని మాట్లాడతాను. అంకెలు చాలా వస్తాయి. అవి మామూలుగా ఉండే అంకెలు. మీ కారు మాన్యువల్ వేరే అంకె చెప్తే మాన్యువల్ మాటే చెల్లుతుంది.

వెతకడానికి ఒక వరస ఉంది. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి, తర్వాత స్పార్క్, ఆఖర్న పెట్రోల్. ఎందుకీ వరస? వాల్వు కాలిన సిలిండర్‌కి ఎంత మంచి స్పార్క్ ఇచ్చినా అది పని చెయ్యదు. స్పార్క్ నీరసంగా ఉన్న ఇంజన్లో మిక్స్చర్ సరిచేస్తే ఆ నీరసానికి తగ్గట్టు సరిచేసినట్టవుతుంది. రేపు కొత్త పాయింట్లు వేయగానే మిక్స్చర్ మళ్ళీ తప్పుతుంది. కార్బురేటర్ పాడైందని వచ్చే బండ్లలో సగానికి సగం ఇగ్నిషన్ దగ్గరే తేలతాయని మెకానిక్కులు అంటుంటారు. సగమో ముప్పాతికో గానీ, ఆ మాటలో నిజం ఉంది.

కంప్రెషన్ చూసే ముందు ట్యాపెట్ క్లియరెన్స్, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు, చూడండి. గ్యాప్ బిగుసుకుపోయిన వాల్వు పూర్తిగా మూసుకోదు. అప్పుడు కంప్రెషన్ తక్కువ చూపిస్తుంది, మనం హెడ్ (సిలిండర్ల మీది మూత) విప్పేస్తాం. ఫీలర్ గేజ్‌తో పావుగంటలో తేలేదానికి రెండు రోజుల పని. నాలుగు సిలిండర్లకు ఒకే వరసలో ఎనిమిది వాల్వులుండే ఇంజన్లలో చాలావాటికి తొమ్మిది లెక్క పనిచేస్తుంది. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటో వాల్వు సరిచెయ్యాలి. మూడోది తెరుచుకుంటే ఆరోది, అయిదోది తెరుచుకుంటే నాలుగోది. ఎప్పుడూ మొత్తం తొమ్మిదే. ఆరు సిలిండర్లూ పన్నెండు వాల్వులూ ఉంటే మొత్తం పదమూడు. గ్యాప్ కొంచెం ఎక్కువుంటే టకటక శబ్దం వస్తుంది, అంతే. తక్కువైతే మాత్రం ఎగ్జాస్ట్ వాల్వు సీటు మీద కూర్చునే సమయం తగ్గుతుంది. ఆ వాల్వు తన వేడిని ఎక్కువగా సీటు ద్వారానే వదిలించుకుంటుంది కాబట్టి, అది కాలిపోతుంది. శబ్దం చేసే ట్యాపెట్‌కి భయపడనక్కర్లేదు, ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయినదాన్నే అనుమానించాలి.

ఇక కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ప్లగ్గులన్నీ తీసెయ్యాలి, ఒక్కటి కాదు. స్పార్క్ వోల్టేజ్ పుట్టించే కాయిల్‌కి వెళ్ళే వైరు ఊడదీయాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి. థ్రాటిల్ మూసి ఉంటే సిలిండర్‌కి గాలే అందదు, అంకె తప్పు వస్తుంది. సెల్ఫ్ కొడుతూ గేజ్ ముల్లు అయిదారు సార్లు ఎగిరేదాకా చూసి అంకె రాసుకోండి. గాలి ఎన్నో వంతుకు నొక్కుకుంటుందో చెప్పే కంప్రెషన్ రేషియో 8 నుంచి 9 మధ్య ఉన్న పాత ఇంజన్లో 120 నుంచి 160 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) వస్తుంది. అన్నీ 125 చూపించే ఇంజన్ హాయిగా నడుస్తుంది. మూడు 150 చూపించి ఒకటి 105 చూపిస్తే అది నడవదు. ఎక్కువ తక్కువల మధ్య తేడా పది శాతం దాటకుండా ఉంటే మంచిది.

తక్కువ వచ్చిన సిలిండర్లో 5 మి.లీ. ఇంజన్ ఆయిల్ వేసి మళ్ళీ కొలవండి. అంకె బాగా పెరిగితే పిస్టన్ రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగింది, ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే లోపం పైన వాల్వుల్లోనో గాస్కెట్లోనో ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే, ఆ రెంటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందని దాదాపు ఖాయం.

ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే లీక్‌డౌన్ పరీక్ష చెయ్యండి. ఆ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకు తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి 100 పి.ఎస్.ఐ. గాలి పెట్టడమే. క్రాంక్ తిరిగిపోకుండా పట్టుకునే ఏర్పాటు ఉండాలి, దాని మీద స్పానర్ వదిలేసి మాత్రం గాలి పెట్టకండి. గాలి ఎక్కడ బుస్సుమంటుందో వినండి. కార్బురేటర్లో వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గరైతే రింగులు, రేడియేటర్లో బుడగలొస్తే గాస్కెట్ లేదా పగులు. పది శాతం లోపు లీకు మంచి ఇంజన్. ఇరవై దాటితే విప్పే ముహూర్తం పెట్టుకోవచ్చు.

వ్యాక్యూమ్ గేజ్ గురించి కూడా ఒక మాట. ఇంత చవకైన సాధనం ఇన్ని సంగతులు చెప్పడం అరుదు, అయినా ఎవరి పెట్టెలోనూ కనిపించదు. ఇంజన్‌లోకి గాలి పోయే మానిఫోల్డ్‌కి తగిలిస్తే, సముద్ర మట్టం దగ్గర ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కన) మధ్య ముల్లు కదలకుండా నిలబడాలి. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు స్థిరంగానే ఉండి 14, 15 దగ్గర ఆగితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడి ఉంది, లేదా మానిఫోల్డ్‌లో గాలి లీకు ఉంది. తాళం కొట్టినట్టు ఒకే వ్యవధిలో కిందికి కొట్టుకుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవట్లేదు. ఇంజన్‌ని నిమిషానికి 2,500 చుట్లలో నిలిపి ఉంచినప్పుడు ముల్లు మెల్లమెల్లగా దిగజారితే సైలెన్సర్ పూడుకుపోయింది.

ఇప్పుడు కరెంటు దగ్గరికొద్దాం. పాయింట్ల జోలికి పోకముందు ఎర్త్, అంటే బ్యాటరీకీ ఇంజన్‌కీ బాడీకీ మధ్య కనెక్షన్, చూడండి. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ ఎర్త్ పోల్‌కీ, రెండో కొస ఇంజన్ బ్లాకుకీ పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఆ దారిలో తుప్పో వదులో ఉంది. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ తెగిపోయినా కొన్ని బండ్లు స్టార్టవుతాయి. కరెంటు చోక్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ కేబుల్ గుండానో తిరిగి వెళ్తుంది కాబట్టి. ఆ కేబుల్ కాలి పట్టేస్తే జనం కొత్త కేబుల్ వేస్తారు. అదీ కాలుతుంది. కేబుల్ కాలిన బండి కనిపిస్తే ముందు పట్టీ చూడండి.

పాయింట్ల గ్యాప్ చాలా డిస్ట్రిబ్యూటర్లలో 0.35 నుంచి 0.40 మి.మీ. పాత పాయింట్ల మీద ఒక వైపు గుంట, ఇంకో వైపు మొటిమ ఏర్పడి ఉంటాయి. ఫీలర్ గేజ్ ఆ మొటిమ మీద ఆని తప్పు కొలత ఇస్తుంది. అందుకే, పాయింట్లు ఎన్ని డిగ్రీలు మూసుకుని ఉంటాయో చూపే డ్వెల్ మీటర్ నమ్మకం. నాలుగు సిలిండర్ల లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో చాలావాటికి 60 డిగ్రీల చుట్టుపక్కల, బాష్ వాటికి 50 దగ్గర ఉంటుంది. ఇంజన్ రేసు చేసినప్పుడు డ్వెల్ మూడు డిగ్రీల కంటే ఎక్కువ ఊగితే డిస్ట్రిబ్యూటర్ బుష్‌లు అరిగాయి, షాఫ్ట్ ఊగుతోంది. అలాంటిదానికి ఎన్ని కొత్త పాయింట్లు వేసినా ఫలితం శూన్యం.

గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. ఈ వరస తలకిందులు చెయ్యకూడదు. గ్యాప్ పెరిగితే పాయింట్లు తొందరగా తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. వాడకంలో పాయింట్ల మడమ అరిగి గ్యాప్ తగ్గేకొద్దీ టైమింగ్ తనంతట తానే వెనక్కి పోతుంది. "ఈ మధ్య పికప్ తగ్గింది, ఇంజన్ వేడెక్కుతోంది" అనే బండ్లలో కొన్నిటి కథ ఇంతే.

టైమింగ్ లైట్ పెట్టేటప్పుడు వ్యాక్యూమ్ పైపు ఊడదీసి దాని మూతి మూసెయ్యండి. ఐడిల్‌లో చూసి వదిలెయ్యకండి. మెల్లగా రేసు చేస్తూ 3,000, 3,500 చుట్ల దాకా వెళ్ళి, గుర్తు ఎక్కడ ఆగుతుందో చూడండి. చాలా పాత ఇంజన్లలో మొత్తం అడ్వాన్స్ (స్పార్క్ ముందుకు జరగడం) 30 నుంచి 34 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆగకుండా పోతూనే ఉంటే డిస్ట్రిబ్యూటర్ లోపలి బరువుల స్ప్రింగులు సాగిపోయాయి. అసలు కదలకపోతే బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నాయి. వ్యాక్యూమ్ డయాఫ్రమ్ పరీక్షకు సాధనమేమీ అక్కర్లేదు. పైపు నోట్లో పెట్టుకుని పీల్చి నాలుకతో మూయండి. పట్టు నిలబడాలి. నిలబడకపోతే డయాఫ్రమ్ చిరిగింది, పెట్రోల్ ఖర్చు అక్కడే పెరుగుతోంది.

కాయిల్ దగ్గర జరిగే పెద్ద పొరపాటు వేరే ఉంది. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి పోయే కరెంటును తగ్గించేది) లేని బండికి 3 ఓమ్‌ల కాయిల్ కావాలి. బ్యాలస్ట్ ఉన్న బండికి 1.5 ఓమ్‌ల కాయిల్. బయటికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. బ్యాలస్ట్ లేని బండికి 1.5 ఓమ్‌ల కాయిల్ వేశారనుకోండి, 13.5 వోల్టుల దగ్గర పాయింట్ల మీదుగా 4.5 ఆంపియర్లు పోవాల్సిన చోట 9 పోతాయి. వారం పది రోజులు బ్రహ్మాండంగా నడుస్తుంది, తర్వాత పాయింట్లు మాడిపోతాయి. తప్పును, పాయింట్ల మధ్య మెరుపును అణిచే కండెన్సర్ మీదికి నెట్టేస్తారు. కండెన్సర్ 0.2 మైక్రోఫారడ్‌ల సుమారులో ఉండాలి. నిజంగా అదే పోతే పాయింట్ల మధ్య నీలి మెరుపు ఎక్కువగా కనిపిస్తుంది, ప్లగ్ దగ్గర స్పార్క్ పలచబడుతుంది.

కాయిల్ వైర్లకు దిశ కూడా ఉంది. ప్లగ్ నడిమి ఎలక్ట్రోడ్ బాగా వేడిగా ఉంటుంది, వేడి లోహం నుంచి ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటపడతాయి. అందుకని నడిమిది నెగెటివ్ కావాలి. వైర్లు తారుమారైతే అదే స్పార్క్‌కి ఎక్కువ వోల్టేజ్ కావాలి. బండి నడుస్తుంది గానీ లోడ్ మీద, తడి వాతావరణంలో మిస్సింగ్ కొడుతుంది. పాజిటివ్ ఎర్త్ నుంచి నెగెటివ్ ఎర్త్‌కి మార్చిన బండ్లలో కాయిల్ వైర్లు అలాగే వదిలేసి ఉండటం మామూలు.

పెట్రోల్ వైపు క్లుప్తంగా. కార్బురేటర్ సూది వాల్వు 2.5 నుంచి 4 పి.ఎస్.ఐ. దాకానే తట్టుకుంటుంది. ఇంజెక్షన్ బండి పంపు ఇచ్చే 40 పి.ఎస్.ఐ. పైబడిన ప్రెషర్ దానికి పెడితే పెట్రోల్ పొంగి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. అలా కార్లు తగలబడతాయి. ఎలక్ట్రిక్ పంపు పెడితే ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి, ప్రమాదంలో దానంతటదే ఆగే స్విచ్ కూడా పెట్టండి. బండి ఇరవై నిమిషాలు నడిచి ఆగిపోయి, కాసేపు ఆగితే మళ్ళీ స్టార్టవుతోందా? ఆగిన క్షణంలో పెట్రోల్ ట్యాంకు మూత తీయండి. గాలి లోపలికి బుస్సున పోతే ట్యాంకు శ్వాసరంధ్రం మూసుకుపోయింది. పోకపోతే కాయిల్ వేడెక్కి చస్తోందా, పెట్రోల్ పైపులో ఆవిరి పడుతోందా అని చూడాలి. అప్పటికప్పుడు ఒక ప్లగ్ తీసి స్పార్క్ చూస్తే ఆ రెండూ విడిపోతాయి.

ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తర్వాత పగలగొడుతుంది. ఎస్.ఏ.ఈ. జె30 ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టాలు వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంది కాబట్టి పది శాతం కలిస్తే మిక్స్చర్ మూడు శాతం పైన పలచబడుతుంది, అంటే పెట్రోల్ పాలు తగ్గుతుంది. ఒకప్పుడు సరిగ్గా ఉన్న జెట్ (పెట్రోల్ వచ్చే రంధ్రం) ఇప్పుడు కొంచెం చిన్నదవుతుంది.

ఎస్.యు. కార్బురేటర్లలో మిక్స్చర్ పరీక్ష చాలా తేలిక. ఐడిల్‌లో ఆ కార్బురేటర్ లోపలి పిస్టన్‌ని ఒక మిల్లీమీటర్ కంటే తక్కువ ఎత్తండి. చుట్లు పెరిగి అలాగే నిలిస్తే చిక్కన. తగ్గిపోయి ఇంజన్ ఆగబోతే పలచన. కొద్దిగా పెరిగి వెంటనే స్థిమితపడితే సరి. జెట్లుండే కార్బురేటర్లకు సైలెన్సర్ పైపులో లాంబ్డా సెన్సర్ పెట్టి చూడడం మేలు. ఒక పాలు పెట్రోల్‌కి గాలి, బరువు లెక్కన, పూర్తి యాక్సిలరేటర్‌లో 12.5 నుంచి 13 పాళ్ళు, నిలకడ వేగంలో 14 నుంచి 14.7 మధ్య ఉండాలి. థ్రాటిల్ స్పిండిల్ అరిగి పక్కనుంచి గాలి లాగుతుంటే ఈ సర్దుబాట్లేవీ నిలవవు. స్పిండిల్‌ని వేళ్ళతో పట్టి ఊపి చూడండి, చేతికే తెలిసిపోతుంది.

వేడెక్కడం గురించి ఒక్క విభజన గుర్తుపెట్టుకోండి. నిలబెట్టినప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడితే లోపం గాలి వైపు: ఫ్యాను, ఫ్యాను చుట్టూ తొడుగు, బెల్టు. పరుగులో వేడెక్కితే నీటి వైపు: పూడుకున్న రేడియేటర్, లోపలికి అతుక్కుపోయే కింది గొట్టం, వెనకబడిన టైమింగ్, పలచని మిక్స్చర్. థర్మోస్టాట్ తీసి పారేయడం మందు కాదు. ఇంజన్ చల్లగా నడిస్తే బోర్లు తొందరగా అరుగుతాయి. బ్లాకులో వెనక సిలిండర్ చుట్టూ దశాబ్దాల తుప్పు మట్టిలా పేరుకుని ఉంటుంది. రేడియేటర్ మార్చినా అది అక్కడే కూర్చుంటుంది. కోర్ ప్లగ్గులు తీసి గీకి కడగాల్సిందే.

ఇక ఇంజన్ వెనక్కి పోదాం. ఇక్కడ గేజీల కంటే చెవులూ కాళ్ళూ ఎక్కువ పనిచేస్తాయి.

బండి వణుకుతోంది. ఏ వేగంలో వణుకుతోందో చూసి, అదే వేగంలో ఒక గేరు తగ్గించండి. వణుకు అదే రోడ్డు వేగంలో వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయేది), చక్రాలు, యాక్సిల్. ఇంజన్ చుట్లతో పాటు జరిగితే ఇంజన్, క్లచ్, ఫ్లైవీల్. ఈ ఒక్క పరీక్షతో సగం బండి అనుమానాల్లోంచి తప్పుకుంటుంది.

క్లచ్ తొక్కినప్పుడు శబ్దం వస్తే రిలీజ్ బేరింగ్. తొక్కితే ఆగిపోయే శబ్దం గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్‌దో, లేషాఫ్ట్‌దో (గేర్‌బాక్సులో పక్కన తిరిగే రెండో ఇరుసు). నాలుగో గేరు నేరుగా (ఇంజన్ ఎన్ని చుట్లో బయటికీ అన్నే) ఉండే గేర్‌బాక్సులో ఒకటి, రెండు, మూడు గేర్లలో గుర్రుమంటూ నాలుగులో నిశ్శబ్దమైతే లేషాఫ్ట్ బేరింగులు. నాలుగో గేరులో బలం లేషాఫ్ట్ మీదుగా పోదు, అందుకే మౌనం. రివర్స్ వేసేటప్పుడు గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే పెడల్ తొక్కించి, క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ పుల్ల ఎంత కదులుతుందో స్కేలుతో కొలవండి. చాలావాటిలో 12 మి.మీ. చుట్టుపక్కల ఉండాలి. తక్కువుంటే గేర్‌బాక్స్ దించే ముందు గొట్టం ఉబ్బుతోందా, లోపల గాలి ఉందా, పెడల్ పిన్ను రంధ్రం అరిగి కోలగా మారిందా చూడండి. ఆ రంధ్రం సంగతి దాదాపు ఎవరూ చూడరు. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కినప్పుడు టక్కుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (కొసల్లో వంగే కీళ్ళు). మెల్లగా పోతున్నప్పుడు కిచకిచమంటే క్రాస్ బేరింగ్ గ్రీజు లేక ఎండిపోయింది. షాఫ్ట్ రెండు ముక్కలుగా ఊడదీసి తిరిగి వేసేటప్పుడు రెండు కొసల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. ఒక పల్లు తప్పినా వణుకు పుడుతుంది. అందుకే విప్పే ముందు గుర్తు పెట్టుకోండి. యాక్సిల్ లాగుతున్నప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా ఏడిస్తే దాని లోపలి క్రౌన్, పినియన్ గేర్ల పళ్ళ కలయిక చూడాలి. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు) చాలా యాక్సిళ్ళలో 0.13 నుంచి 0.20 మి.మీ. పినియన్ కింద నలిగే స్లీవ్ ఉన్న యాక్సిల్లో నట్టు ఎక్కువ బిగిస్తే వెనక్కి తిప్పి సరిపెట్టడం కుదరదు. కొత్త స్లీవ్ వేసి మొదట్నుంచీ చెయ్యాలి. నట్టు వెనక్కి తిప్పి సరిపోయిందనుకున్న యాక్సిల్ కొద్ది వేల కిలోమీటర్లలో ఊళ వేస్తుంది.

ఇప్పటిదాకా చెప్పింది బాగుచేయడం. మెరుగుపరచడం దగ్గరికి రాగానే అడగాల్సింది ఒక్కటే: ఈ మార్పు భారాన్ని ఎక్కడికి నెడుతుంది? గొలుసులో ఒక కడియం గట్టి చేస్తే లాగుడు పక్క కడియం మీద పడుతుంది. ఇంజన్ బలం పెంచితే క్లచ్ జారుతుంది. క్లచ్ బలమైనది వేస్తే క్రాస్‌లు, హాఫ్ షాఫ్ట్‌లు తెగుతాయి. ఎలక్ట్రిక్ ఫ్యాను పెడితే డైనమో చాలదు. లూకాస్ సి40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు, అదీ చుట్లు ఉన్నప్పుడే. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్, ఫ్యాను కలిస్తే అది దాటిపోతుంది. ఆల్టర్నేటర్ ముందు, ఫ్యాను తర్వాత. బ్రేకులు వీటన్నిటికంటే ముందు, అది మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచి మార్పు, డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ ఊగనంతవరకు. మాడ్యూల్ తయారీదారు చెప్పిన ఓమ్‌ల కాయిలే వాడండి. ప్లగ్ వైర్లు రాగి తీగవి కాకుండా సప్రెషన్ రకం ఉండాలి, లేకపోతే ఆ రేడియో అల్లరికి మాడ్యూల్ తికమకపడుతుంది. ఇంజన్ నడవకుండా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేస్తే కొన్ని మాడ్యూళ్ళు మాడతాయి. పాత పాయింట్లూ కండెన్సరూ బేస్ ప్లేట్‌తో సహా డిక్కీలో ఉంచుకోండి. మాడ్యూల్ చెప్పి పోదు.

సీసం లేని పెట్రోల్ గురించి ఎప్పుడూ అడుగుతారు. కార్లకు సీసం పెట్రోల్ అమ్మకం ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియాలో ఆగింది. మెత్తటి ఇనుప హెడ్‌లలో సీసం ఎగ్జాస్ట్ సీటుకి పూతలా పనిచేసేది. అది లేకపోతే వాల్వు సీటులోకి దిగబడుతుంది. లక్షణం ఏమిటంటే ఎగ్జాస్ట్ ట్యాపెట్ గ్యాప్ మళ్ళీ మళ్ళీ తగ్గుతుంటుంది. మెల్లగా, తక్కువగా తిరిగే బండికి తొందరేం లేదు. ప్రతి సర్వీసుకీ గ్యాప్ రాసుకుంటూ పోండి. గంటల తరబడి వేగంగా పోయే బండికి, లేదా హెడ్ ఎలాగూ విప్పినప్పుడు, గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయించండి. అల్యూమినియం హెడ్‌లకు సీట్లు ఎలాగూ విడిగా అమర్చినవే.

కంప్రెషన్ పెంచడానికి హెడ్ ఫేసింగ్ చేయిస్తే, అంటే దాని అడుగు కొంత కోయిస్తే, చాలనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 1,800 సి.సి. నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 450. రేషియో 8 అంటే పిస్టన్ పైన మిగిలే చోటు 450ని 7తో భాగిస్తే వచ్చే 64 సి.సి. రేషియో 9 కావాలంటే 450ని 8తో భాగించాలి, 56. తగ్గాల్సింది 8 సి.సి. కంబశ్చన్ చాంబర్ నోటి వైశాల్యం 40 చదరపు సెంటీమీటర్లనుకుంటే ఒక మిల్లీమీటర్ కోతకు 4 సి.సి. తగ్గుతుంది. అంటే 2 మి.మీ. కోయాలి. చాలా హెడ్‌లు అంత ఇవ్వవు, ఇచ్చినా వాల్వులను నొక్కే రాకర్ల కోణం చెడుతుంది. కాబట్టి అర మిల్లీమీటర్ హెడ్‌లో, మిగతాది పిస్టన్ గుంట తగ్గించి. చాంబర్ ఘనపరిమాణం పుస్తకంలోది నమ్మకండి. గాజు పలక మూత పెట్టి, బ్యూరెట్‌తో కిరోసిన్ పోసి కొలవండి.

వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ దగ్గర ఆశ ఎక్కువవుతుంది. ఎక్కువ డ్యురేషన్ ఉన్న, అంటే వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే, క్యామ్ పై చుట్లలో బలమిస్తుంది, కింద తీసుకుంటుంది. ఐడిల్ వ్యాక్యూమ్ పడిపోయి, దానితోనే పనిచేసే బ్రేక్ సర్వో నీరసపడుతుంది. రోడ్డు మీద తిరిగే బండికి అమ్మేవాళ్ళ చివరి రకం కాదు, మొదటి రకం చాలు. వేసేటప్పుడు గొలుసు గుర్తులు కలిపి వదిలెయ్యకుండా డిగ్రీ చక్రం, డయల్ గేజ్ పెట్టి చూడండి. పిస్టన్ మీద మెత్తటి బంకమన్ను అతికించి క్రాంక్‌ని రెండు చుట్లు చేత్తో తిప్పి, వాల్వు పడిన చోట మందం కొలవండి. ఇన్‌లెట్‌కి 2 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 2.5 మి.మీ. మిగలాలి. కొత్త క్యామ్‌కి కొత్త ట్యాపెట్లు తప్పనిసరి. మొదటిసారి స్టార్ట్ చేశాక ఐడిల్‌లో వదలకూడదు. వెంటనే 2,000 నుంచి 2,500 చుట్లకు తెచ్చి ఇరవై నిమిషాలు ఉంచాలి. క్యామ్‌కి ఆయిల్ అందేది క్రాంక్ చిమ్మే తుంపర వల్ల. ఐడిల్‌లో ఆ తుంపర చాలదు. అందుకే టైమింగ్, పెట్రోల్, నీళ్ళు అన్నీ ముందే సరిచూసుకోవాలి. ఇంజన్ మొదటి సెల్ఫ్‌కే స్టార్టవ్వాలి, మూడోసారికి కాదు.

ఆయిల్ మాట కూడా ఇక్కడే. క్యామ్ మీద రాసుకునే సమతల ట్యాపెట్లకు జింక్, ఫాస్ఫరస్ కలిసిన జెడ్.డి.డి.పి. అనే పదార్థం కావాలి. ఆధునిక పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్ 800 పి.పి.ఎమ్. దాటనివ్వరు, క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుందని. పాత ఇంజన్‌కి 1,000 నుంచి 1,400 ఉన్న 20డబ్ల్యూ-50 సరిపోతుంది. గేర్‌బాక్సులో జి.ఎల్.-4 గ్రేడు గేర్ ఆయిల్ వేయమంటే జి.ఎల్.-5 "ఇంకా మంచిది కదా" అని వెయ్యకండి. దానిలోని ఎక్కువ గంధక పదార్థాలు కొన్ని ఆయిళ్ళలో కంచు సింక్రో రింగులను తినేస్తాయి, సింక్రో పట్టు కూడా తగ్గుతుంది. లేకాక్ ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు) ఉన్న గేర్‌బాక్సుకి అదనపు యాడిటివ్‌లు అసలే వద్దు. హైపాయిడ్ యాక్సిల్ (పినియన్ క్రౌన్ నడిమికి పక్కగా ఉండే రకం) సంగతి వేరు, దానికి ఆ బలమైన ఆయిలే కావాలి.

సభ నుంచి ప్రశ్న: అయిదు గేర్ల బాక్సు వేసుకోవడమా, యాక్సిల్ రేషియో మార్చుకోవడమా? హైవే మీద ఇంజన్ మరీ అరుస్తోంది.

లెక్కతోనే చెప్తాను. టైరు ఒక చుట్టుకి 1.9 మీటర్లు పోతుందనుకోండి. గంటకు 100 కిలోమీటర్లంటే చక్రం నిమిషానికి 877 చుట్లు. యాక్సిల్ రేషియో 3.9 అయితే, నాలుగో గేరు నేరుగా కాబట్టి ఇంజన్ 3,420. అయిదు గేర్ల ఫోర్డ్ టైప్ 9 బాక్సులో అయిదో గేరు 0.82. దానితో 2,800కి దిగుతుంది. యాక్సిల్ 3.3కి మార్చినా దాదాపు అంతే, 2,900. కానీ మొదటి గేరు చూడండి. ఆ బాక్సు మొదటి గేరు 3.65. 3.9 యాక్సిల్‌తో మొత్తం రేషియో 14.2. నాలుగు గేర్ల బాక్సులోనూ మొదటి గేరు అంతే అనుకుంటే, 3.3 యాక్సిల్‌తో 12కి పడిపోతుంది. ఎత్తు మీద బండి కదిలించేటప్పుడు ప్రతిసారీ క్లచ్ కాల్చుకోవాలి. అందుకని బలం తక్కువున్న ఇంజన్‌కి అయిదో గేరే మేలు. టార్క్ దండిగా ఉన్న పెద్ద ఇంజన్‌కి యాక్సిల్ మార్చడం చవక, తేలిక.

ప్రశ్న: బాక్సు మార్చేటప్పుడు ఎక్కడ దెబ్బ తింటాం?

ఇంజన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే బెల్‌హౌసింగ్ దగ్గర. అడాప్టర్ ప్లేటు వేసి బిగించాక, క్రాంక్‌కి డయల్ గేజ్ తగిలించి బెల్‌హౌసింగ్ నడిమి రంధ్రం చుట్టూ తిప్పి చూడండి. మొత్తం తేడా 0.13 మి.మీ. లోపు ఉండాలి. అంతకు మించితే ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టుకీ వంగుతుంది. ముందు స్పిగాట్ బుష్ (క్రాంక్ కొసలో ఆ షాఫ్ట్ ముక్కు ఆనేది), తర్వాత ఇన్‌పుట్ బేరింగ్ పోతాయి. అందరూ బాక్సుది లోపమంటారు. తర్వాత క్లచ్ ప్లేట్ నడిమి పళ్ళు కొత్త షాఫ్ట్‌వి, ప్లేటు వ్యాసం పాత ఫ్లైవీల్‌ది కావాలి. రిలీజ్ బేరింగ్ ప్రయాణం మళ్ళీ కొలవాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోయించి బ్యాలెన్స్ చేయించాలి. గేర్‌బాక్స్ తోకా పినియన్ ముక్కూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒక డిగ్రీ తేడా లోపు ఉండాలి. క్రాస్ దగ్గర కోణం మూడు డిగ్రీలు దాటకూడదు, అలాగని సున్నా కూడా ఉండకూడదు. సున్నా అయితే సూది బేరింగులు కదలక ఒకే చోట గాడి పడతాయి. స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, దాని గేరు మార్చుకోవాలి.

ప్రశ్న: అన్నీ ఒకేసారి విప్పాం కదా అని అన్నీ ఒకేసారి మార్చేస్తే తప్పేముంది?

క్లచ్, స్పిగాట్ బుష్, వెనక ఆయిల్ సీలు ఒకేసారి మార్చడం తప్పు కాదు, బాక్సు దించినప్పుడే అవి అందుతాయి. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్, క్యామ్ మూడూ ఒకే వారంలో మార్చి బండి సరిగా నడవకపోతే మాత్రం ఎవరిని అడుగుతారు? ఒకటి మార్చండి, 500 కిలోమీటర్లు నడపండి, వ్యాక్యూమ్, ప్లగ్గుల రంగు, పెట్రోల్ ఖర్చు రాసుకోండి. తర్వాత రెండోది.